వాన వెలిశాక ఆడదామంటే ఎండాకాలం రావాలి

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో, అమెరికాలోని సియాటెల్‌లో జెఫర్సన్ పార్క్ గోల్ఫ్ కోర్సులో నవంబరు వానలో మేం నలుగురం ఆడిన ఆట గురించి కొంచెం రాశాను. నీళ్లు నిలిచిన చోట ఆగిన ఒక బంతి మీద మా వియ్యంకుడికీ, మాతో ఆడే పిల్లల డాక్టరు గారికీ వాదన జరిగిందని చెప్పి, అది ఎలా తెమిలిందో చెప్పకుండా వదిలేశాను. దాని మీదే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. అందుకని ఈసారి అన్నీ తడి ప్రశ్నలే తీసుకుంటున్నాను.

కొత్త పాఠకుల కోసం: నేను గోదావరి డెల్టాలో మురుగు కాలువల మీద ఉద్యోగం చేసి విరమించిన ఇంజనీరుని. మా అమ్మాయి దగ్గరికి వచ్చాక ఈ ఆట పట్టుకుంది. నేల మీద నీళ్లు ఎక్కడ నిలుస్తాయో చెప్పమంటే ధైర్యంగా చెబుతాను. బంతి ఎక్కడ పడుతుందో చెప్పమంటే మాత్రం నా మాట నమ్మకండి.

బెల్‌వ్యూ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: మాస్టారూ, వేసవిలో గోల్ఫ్ మొదలుపెట్టాను. అక్టోబరు రాగానే మా జట్టులో అందరూ సంచులు గరాజ్‌లో పడేశారు. ఏప్రిల్ దాకా ముట్టుకోరట. క్లబ్బు సభ్యత్వం లేని నాలాంటివాడు మున్సిపల్ కోర్సులో తడుస్తూ ఆడాల్సినంత సరదా అందులో ఏముంది?

ముందు లెక్క చూడు నాయనా. సియాటెల్‌లో ఏడాది మొత్తం మీద పడే వాన సుమారు 1000 మిల్లీమీటర్లు. విశాఖపట్నంలోనూ రమారమి అంతే. మా కోనసీమలో ఇంకా ఎక్కువే పడుతుంది. మన వైపు అది నాలుగు నెలల్లో కుండపోతగా కురిసి చేతులు దులుపుకుంటుంది. ఇక్కడ అదే వాన 150 రోజులకు పైగా పంచుకుని, ఎక్కువ భాగం అక్టోబరు నుంచి ఏప్రిల్ లోపల, తుంపరగా పడుతుంది. గొడుగు తీయాలా వద్దా అని తేల్చుకునేలోపల ఆగిపోతుంది, గొడుగు మడవగానే మళ్లీ మొదలవుతుంది. దీనికి భయపడి ఇంట్లో కూర్చుంటే ఏడాదిలో సగం కూర్చోవాలి.

ఇక మున్సిపల్ కోర్సు అని కొంచెం చిన్నచూపుతో రాసినట్టున్నావు. జెఫర్సన్ పార్క్, జాక్సన్ పార్క్, వెస్ట్ సియాటెల్, ఇంటర్‌బే, ఇవన్నీ నగరానికి చెందినవి. అంటే నీవీ నావీ. వేసవి శనివారం పొద్దున అక్కడ ఆడటానికి చోటు దొరకాలంటే తంటాలు పడాలి. డిసెంబరు మంగళవారం వాన తుంపరలో ఒంటరిగా వెళ్లి నిలబడు, కౌంటరు దగ్గరి మనిషి నిన్ను చూసి సంతోషిస్తాడు. ముగ్గురు ఆడుతున్న జట్టులో నాలుగోవాడిగా కలుపుతాడు. నాకు మా జట్టులోని మూడో మనిషి అలాగే దొరికాడు. తపాలా శాఖలో ఉత్తరాలు పంచి విరమించిన అమెరికన్. వాన గురించి ఆయనకు తెలిసినంత ఏ వాతావరణ శాఖకూ తెలియదు.

బీకన్ హిల్ మీద ఉన్న ఈ జెఫర్సన్ పార్క్ 1915లో మొదలైంది. 1992లో మాస్టర్స్ అనే పెద్ద గోల్ఫ్ పోటీ గెలిచిన ఫ్రెడ్ కపుల్స్ చిన్నప్పుడు ఆడింది ఇక్కడే. కపుల్స్ పేరు అందరికీ తెలుసు. నాకు అంతకన్నా ముఖ్యమైన పేరు బిల్ రైట్. ఆయనా ఇక్కడ ఆట నేర్చుకున్నవాడే. 1959లో పబ్లిక్ కోర్సుల ఆటగాళ్లకు జరిగే జాతీయ అమెచ్యూర్ పోటీ గెలిచాడు. అమెరికా గోల్ఫ్ సంఘం నడిపే జాతీయ పోటీల్లో గెలిచిన మొదటి నల్లజాతి ఆటగాడు ఆయనే. ఆ రోజుల్లో నగర కోర్సు మీద డబ్బు కట్టి ఎవరైనా ఆడవచ్చు గానీ, ఆ కోర్సులను ఆధారం చేసుకున్న పురుషుల క్లబ్బుల్లోకి నల్లవాళ్లను చేర్చుకునేవారు కాదు. అందుకే వాళ్లు 1947లో ఫర్ స్టేట్ గోల్ఫ్ క్లబ్ అని సొంతంగా పెట్టుకున్నారు. మన పిల్లలు ఈ రోజు కార్డు గీకి నేరుగా మొదటి టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) దగ్గరికి వెళ్లిపోతున్నారంటే, దాని వెనుక ఇంత సంగతి ఉంది. తడుస్తుందని ఆ చోటును ఆరు నెలలు ఖాళీగా వదిలేయడం నాకు మనసొప్పదు.

రెంటన్, కెంట్, పోర్ట్‌లాండ్, చివరికి లండన్ నుంచి కూడా: ఆ నీటిగుంట వాదన ఏమైంది? ఎవరిది ఒప్పు?

మొదట పరిస్థితి. మా వియ్యంకుడి బంతి ఫెయిర్‌వే (టీ నుంచి సాగే కత్తిరించిన గడ్డి దారి) పల్లంలో, చిన్న నీటి మడుగు అంచున, పొడిగడ్డి మీద ఆగింది. బంతికి చుక్క నీరు తగల్లేదు. కొట్టడానికి ఆయన నిలబడితే మాత్రం రెండు బూట్లూ నీళ్లలో ఉన్నాయి. ఉచితంగా జరుపుకుంటానన్నాడు ఆయన. బంతి నీళ్లలో లేదు గనుక ఉన్నచోటు నుంచే ఆడాలన్నారు డాక్టరు గారు.

నియమాల పుస్తకంలో దీన్ని తాత్కాలిక నీరు అంటారు. పాత ఆటగాళ్లు ఇప్పటికీ క్యాజువల్ వాటర్ అనే అంటారు. చెరువు, వాగు లాంటి పెనాల్టీ ఏరియాలో లేని నీరు, వాన వల్లో స్ప్రింక్లర్ వల్లో నేల పైన నిలిచిన నీరు. అది నువ్వు నిలబడక ముందైనా కనిపించాలి, నిలబడిన తర్వాతైనా కనిపించాలి. ఇక్కడే అందరూ తప్పటడుగు వేస్తారు. నేల మెత్తగా ఉంది, బురదగా ఉంది, అడుగు వేస్తుంటే చిత్తుచిత్తుమని ఒక్క క్షణం నీరు పైకి వచ్చి పోయింది, ఇవేవీ చాలవు. మామూలుగా నిలబడ్డాక కూడా బూటు పక్కన నీరు నిలిచి ఉండాలి. మడమతో గట్టిగా నొక్కి నీళ్లు పిండి చూపించడం కుదరదు. ఈ పని చేసేవాళ్లను నేను చాలామందిని చూశాను. డెల్టాలో పైరు మునిగిందని పరిహారం కోసం గట్టు తెగ్గొట్టి చూపించినవాళ్లను కూడా చూశాను గనుక నాకు వెంటనే అనుమానం వస్తుంది.

ఆ నీరు బంతికి తగలకపోయినా, నిలబడే చోటుకో కర్ర ఊపే దారికో అడ్డమైతే చాలు, పెనాల్టీ లేకుండా జరుపుకోవచ్చు. కాబట్టి మా వియ్యంకుడిది ఒప్పు. డాక్టరు గారు ఫోనులో నియమం చదివి ఒప్పుకున్నారు.

కథ అక్కడ ఆగలేదు. ఎక్కడికి జరుపుకోవాలి? ఆయన చూపు మడుగుకు కుడివైపు, చక్కగా కత్తిరించిన గడ్డి మీద ఉంది. నియమం చెప్పేది మంచి చోటు గురించి కాదు, దగ్గరి చోటు గురించి. నీటి ఇబ్బంది పూర్తిగా తప్పే అతి దగ్గరి బిందువు, అది కూడా హోల్‌కు, అంటే బంతి చేరాల్సిన గుంతకు, దగ్గరగా జరగకుండా. అక్కడి నుంచి ఒక క్లబ్బు (ఆడే కర్ర) పొడవు లోపల, మోకాలి ఎత్తు నుంచి బంతిని వదలాలి. 2019కి ముందు భుజం ఎత్తు నుంచి వదిలేవారు, ఇప్పుడు మోకాలే. మేం కొలిచి చూస్తే ఆ దగ్గరి బిందువు ఎడమవైపు రఫ్‌లో (పొడుగ్గా వదిలేసిన గడ్డిలో), ఫర్ చెట్టు కొమ్మల కింద తేలింది. వియ్యంకుడు వాదన గెలిచి, చెట్టు కింద వంగి అడ్డంగా కొట్టాడు. అప్పుడు ఆయనకు ఇంకో దారి కూడా ఉంది. జరుపుకోవడం హక్కు గానీ తప్పనిసరి కాదు. బూట్లు తడిస్తే తడిశాయని ఉన్నచోటు నుంచే ఆడవచ్చు. బంతి చేతిలోకి తీయకముందే, ఎక్కడ వదలాల్సి వస్తుందో ముందు చూసుకోవడం మంచిది.

ఇదే కుటుంబంలోవి ఇంకొన్ని. బంతి గాలిలోంచి దిగి తను చేసుకున్న గుంటలోనే కూరుకుపోతే, బంతిలో కొంతభాగమైనా నేల మట్టానికి కింద ఉంటే, ఫెయిర్‌వేలోనైనా రఫ్‌లోనైనా ఉచితంగా తీసి, దాని వెనుక చోటు నుంచి ఒక క్లబ్బు పొడవు లోపల వదలవచ్చు. బంకర్ అనే ఇసుక గుంటలో మాత్రం ఈ సౌకర్యం లేదు. ఎవరో బూటుతో తొక్కితే కూరుకుపోయిన బంతికీ ఈ నియమం వర్తించదు. బంకర్‌లో నీళ్లు నిలిస్తే బంకర్ లోపలే నీరు తక్కువున్న చోటుకు ఉచితంగా జరపవచ్చు. బయటికి తీయాలంటే ఒక స్ట్రోకు (లెక్కలో ఒక దెబ్బ) పెనాల్టీ. హోల్ చుట్టూ బాగా పొట్టిగా కత్తిరించిన గ్రీన్ మీద బంతి ఉన్నప్పుడు, హోల్‌కు వెళ్లే దారిలో నీళ్లు నిలిచి ఉన్నా జరుపుకోవచ్చు. గ్రీన్ బయట ఉన్నప్పుడు దారిలో నీళ్లున్నాయన్న సాకు చెల్లదు.

వాదన తెగకపోతే? స్ట్రోకులు లెక్కపెట్టుకునే ఆటలో రెండు బంతులు ఆడండి, ఏది లెక్కలోకి రావాలని కోరుకుంటున్నారో ముందే చెప్పండి, ఆట అయ్యాక తెలిసినవాళ్లను అడగండి. వెనుక జట్టును ఆపి, వానలో నిలబెట్టి న్యాయవిచారణ చేయకండి.

ఇసక్వా నుంచి: పొద్దున గడ్డి మీద మంచు తాత్కాలిక నీరు కిందికి వస్తుందా?

రాదు. గ్రీన్ మీద పుట్ (హోల్‌లోకి బంతిని దొర్లించే దెబ్బ) దారిలోని మంచు బిందువులను తుడవడానికీ వీల్లేదు.

బాథెల్ నుంచి ఒక గృహిణి: అన్నయ్య గారూ, మా వారు వానలో ఆడటానికని కొనే సామాను చూస్తుంటే నాకు గుండె దడగా ఉంది. జాకెట్టు, ప్యాంటు, టోపీ, సంచికి తొడుగు, మళ్లీ కొత్త గొడుగు. నిజంగా ఇవన్నీ కావాలా? పోయినవారం నేను కూడా ఆయనతో వెళ్లి తొమ్మిది హోల్స్ ఆడాను. కర్ర చేతిలోంచి జారిపోతోంది.

అమ్మా, మీ వారికి చెప్పండి: వానలో ఆట చెడేది ఒళ్లు తడిసినందుకు కాదు, చేతులు తడిసినందుకు. డబ్బు అక్కడ ఖర్చు పెట్టాలి. మామూలు తోలు గ్లవ్ తడిస్తే సబ్బులా జారుతుంది. వానకని వేరే గ్లవ్స్ వస్తాయి, రెండు చేతులకూ వేసుకునేవి. అవి తడిసేకొద్దీ పట్టు పెరుగుతుంది. పొడిగా ఉన్నప్పుడు వాటిని వేసుకుంటే అంత బాగుండదు గనుక, ముందు కొంచెం తడిపి మరీ వేసుకునేవాళ్లున్నారు. తోలు గ్లవ్సే ఉంటే మూడు నాలుగు పెట్టుకుని, ప్లాస్టిక్ సంచిలో పొడిగా దాచి మారుస్తూ ఉండాలి.

తర్వాతివి తువాళ్లు. ఒకటి కాదు, రెండో మూడో. ఒకటి గొడుగు లోపలి చువ్వలకు వేలాడదీయండి, అది ఎప్పుడూ పొడిగానే ఉంటుంది, దాంతో చేతి పట్టు మాత్రమే తుడవాలి. ఇంకొకటి కర్ర మొహానికీ బంతికీ. ఈ రెండూ కలిపారో, బురద చేతికి వస్తుంది. మా డాక్టరు గారు ఇంట్లోంచి పాత పంచె చింపి తెస్తారు. షాపులో అమ్మే గోల్ఫ్ తువాలు కన్నా అది నీరు ఎక్కువ పీలుస్తుందని ఆయన వాదన. నాకూ అలాగే అనిపిస్తోంది.

వాన జాకెట్టు ఒకటి మంచిది కొనాల్సిందే. దాంట్లో చూడాల్సింది చేయి తిప్పుతుంటే చప్పుడు చేయకుండా, భుజం దగ్గర పట్టేయకుండా ఉండటం. లోపల నూలు బనీను వద్దు, తడిస్తే చలి వదలదు. పల్చటి ఉన్ని మేలు. బూట్లు నీరు దూరనివి. ఒకవేళ దూరితే ఇంటికి వచ్చాక హీటరు పక్కన పెట్టకుండా వార్తాపత్రిక ఉండలు చుట్టి లోపల కుక్కండి. అందుకు ఈ పత్రిక పాత సంచికలు వాడుకుంటే సంపాదకులు ఏమీ అనుకోరు. మిగతా సామాను వచ్చే ఏడాదికి వాయిదా వేయమనండి.

సమామిష్ నుంచి: వేసవిలో ఏడో నంబరు ఐరన్‌తో 140 గజాలు కొట్టేవాణ్ణి. ఇప్పుడు 125 కూడా రావడం లేదు. వయసా, వానా?

మీ వయసు రాయలేదు కాబట్టి వానే అనుకుందాం. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, బంతి ఎక్కువ దూరం పోనివ్వదు. ఒంటి మీద నాలుగు పొరల బట్టలున్నప్పుడు నడుము కూడా తిరగదు. అన్నిటికన్నా పెద్ద నష్టం బంతి దొర్లకపోవడం. ఎండిన ఫెయిర్‌వే మీద డ్రైవు (టీ నుంచి కొట్టే పొడుగు దెబ్బ) పడ్డాక ఎగిరి దొర్లి కలిపే గజాలు, తడి నేలలో సున్నా. పడినచోటే కూర్చుంటుంది.

అందుకని ఒక మెట్టు పొడుగు కర్ర, ఏడుకు బదులు ఆరో నంబరు, తీసుకుని నెమ్మదిగా ఊపండి, రెండు నంబర్లైనా సిగ్గుపడక్కర్లేదు. గట్టిగా కొట్టబోతే పాదం జారి, బంతికి ముందు నేలకే దెబ్బ తగులుతుంది. తడి నేల ఆ పొరపాటును క్షమించదు, కర్ర బురదలో దిగబడిపోతుంది. తడి రఫ్‌లోంచి కొట్టేటప్పుడు ఇంకో తమాషా ఉంది. బంతికీ కర్ర మొహానికీ మధ్య నీరు, గడ్డి చేరితే స్పిన్ తగ్గి, బంతి ఊహించినదానికన్నా దూరం పోవచ్చు. బంతికి ఒకవైపు బురద అంటుకుంటే సాధారణంగా దానికి ఎదురు వైపుకు వంగుతుంది. ఫెయిర్‌వేలో ఆ బురద తుడవడానికి, పైన చెప్పిన ఉచిత సౌకర్యమో స్థానిక నియమమో ఉంటే తప్ప, వీల్లేదు. గ్రీన్ మీద గుర్తు పెట్టి ఎత్తి తుడవవచ్చు.

లాభాలు కూడా ఉన్నాయి. మెత్తటి గ్రీన్ మీద బంతి పడి ఆగుతుంది, కాబట్టి హోల్‌లో నిలిపిన జెండా మీదికే గురిపెట్టవచ్చు. తడి గ్రీన్ నెమ్మదిగా ఉంటుంది, పుట్ కొంచెం ధైర్యంగా కొట్టండి, వంపు కూడా తక్కువ తీసుకోండి.

కర్క్‌లాండ్ నుంచి: మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చారు. ఆయనతో ఆడదామని వెళితే, వాన లేకపోయినా కార్టులు (ఆటగాళ్లు తిరిగే చిన్న బండ్లు) ఫెయిర్‌వే మీదికి రాకూడదన్నారు. సిమెంటు దారి మీదే ఉంచి, అక్కడి నుంచి నడవాలట. రెండు రోజులుగా ఎండ కాస్తున్నా ఇదేమి నిబంధన? మీరు ఇంజనీరు గనుక అడుగుతున్నాను.

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను.

సియాటెల్ నేల కింద వేల ఏళ్ల నాడు హిమానీనదం తొక్కి పెట్టిన మట్టి పొర ఉంది. బంక, ఇసుక, గులకరాళ్లు అన్నీ కలిసి గట్టిపడిన పొర, టిల్ అంటారు. పైన ఉన్న కొద్దిపాటి మెత్తటి మట్టిలో ఇంకిన నీరు ఆ పొర దాకా వెళ్లి ఆగిపోతుంది. కిందికి దిగడానికి దారి లేక పక్కకు పాకుతూ పల్లం వెతుక్కుంటుంది. అందుకే ఇక్కడ వాన ఆగిన మర్నాడు కూడా వాలు కింద నేల ఊరుతూ ఉంటుంది. చలికాలం ఎండకు ఆవిరయ్యేది ఎంత? దాదాపు ఏమీ లేదు. స్కాట్లండ్ సముద్ర తీరపు కోర్సులు వాన పడిన గంటకే ఆడటానికి తయారవుతాయంటే కారణం గడ్డి గొప్పదనం కాదు, కింద ఇసుక.

డెల్టాలో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి 1852 నాటికి నీళ్లు తెచ్చాడని అందరూ దండం పెడతారు. పెట్టాల్సిందే. వచ్చిన నీరు, కురిసిన నీరు బయటికి పోవడం ఇంకో పెద్ద పని. కొల్లేరు నీళ్లన్నీ ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి, అది పూడిందంటే ఊళ్లు మునుగుతాయి. నా ఉద్యోగం అంతా ఆ రెండో పని మీదే గడిచింది. మురుగు కాలువ తవ్వినవాడికి ఎవరూ విగ్రహం పెట్టరు. గోల్ఫ్ కోర్సులోనూ అంతే. ఫెయిర్‌వే అందాన్ని పొగిడేవాళ్లే గానీ, దాని కింద వేసిన చిల్లుల గొట్టాల గురించి అడిగినవాళ్లను నేను చూడలేదు.

ఇప్పుడు కార్టు సంగతి. మట్టి రేణువుల మధ్య సందులుంటాయి. మామూలుగా కొన్నిటిలో నీరు, కొన్నిటిలో గాలి. వేరు ఊపిరి పీల్చేది ఆ గాలి నుంచే. చలికాలంలో ఇక్కడ సందులన్నీ నీటితో నిండి ఉంటాయి. అలాంటి నేల మీద ఇద్దరు మనుషులు, రెండు సంచులు ఉన్న కార్టు పోతే రేణువులు ఒకదానిలోకి ఒకటి నొక్కుకుపోయి ఆ సందులే మూసుకుపోతాయి. చక్రాల గాడిలో నీరు నిలుస్తుంది, వేరు కుళ్లుతుంది, వసంతంలో అక్కడ గడ్డి రాదు. మీరు చూసిన ఎండ పైన అరంగుళాన్ని ఆరబెట్టి ఉంటుంది. కింద తడి అలాగే ఉంది. కోర్సు చూసేవాళ్లు తెల్లవారకముందే తిరిగి, నేల తొక్కి చూసి నిర్ణయిస్తారు. మున్సిపల్ కోర్సు మీద ఆదివారం ఎంతమంది నడుస్తారో తలుచుకుంటే, వాళ్లు పొదుపుగా ఉండటంలో తప్పు కనిపించదు.

నాన్నగారికి మోకాళ్ల ఇబ్బంది ఉంటే ముందురోజే ఫోను చేసి చెప్పండి. నడవలేనివాళ్లకు కార్టు కొంచెం దగ్గరికి తీసుకుపోనిచ్చే ఏర్పాటు చాలా కోర్సుల్లో ఉంటుంది. లేదంటే తొమ్మిది హోల్స్ చాలు. సంచి పెట్టుకునే తోపుడు బండి తీసుకెళితే గ్రీన్‌కూ బంకర్‌కూ మధ్య సన్నటి దారిలోంచి తోయకండి, అందరూ అక్కడే తోస్తారు గనుక మొదట బురదయ్యేది అదే. లేచిన గడ్డి పెళ్లను తెచ్చి గుంటలో పెట్టి తొక్కండి. గ్రీన్ మీద మీ బంతి చేసిన గుంటతో పాటు పక్కన ఇంకొకరిది కనిపిస్తే అదీ సరిచేయండి. తడి గ్రీన్ మీద అవి ఎక్కువ పడతాయి, పూడ్చడమూ తేలికే.

హైదరాబాద్ నుంచి: సార్, నేను గోల్కొండ నయా ఖిల్లా కోర్సులో కొత్తగా ఆడుతున్నాను. మా దగ్గర తుంపర కాదు, మేలో ఉరుములతో గాలివాన. పెద్దవాళ్లు ఇంకో రెండు హోల్స్ అయిపోతాయి కదా అని ఆపడం లేదు. చిన్నవాణ్ణి, ఎలా చెప్పాలి?

చెప్పనక్కర్లేదు నాయనా, నువ్వు నడిచి వచ్చేయ్. పిడుగు ప్రమాదం ఉందని నీకు సహేతుకంగా అనిపిస్తే, ఎవరి అనుమతీ లేకుండా ఆట ఆపే హక్కు నియమాల్లోనే ఉంది. పోటీల్లో కూడా ఉంది, స్నేహంగా ఆడేటప్పుడు అడగాలా? ఒకే పొడుగు హారన్ మోగిందంటే వెంటనే ఆపాలని అర్థం. ఉన్న పుట్ కూడా కొట్టకూడదు.

1975లో షికాగో దగ్గర వెస్టర్న్ ఓపెన్ పోటీలో పేరున్న ఆటగాడు లీ ట్రెవినోకు పిడుగు తగిలింది. బతికాడు గానీ ఆ తర్వాత ఏళ్ల తరబడి వెన్ను నొప్పితో బాధపడ్డాడు. అది పెద్ద పోటీ, చుట్టూ జనం, వైద్యులు. నువ్వు మైదానం మధ్యలో లోహపు కర్ర పట్టుకుని ఒంటరిగా ఉంటావు. ప్రతి వేసవిలో మన పొలాల్లో, చెట్ల కింద తలదాచుకున్న రైతులూ కూలీలూ పిడుగుపాటుకు పోతున్న వార్తలు చదువుతూనే ఉన్నాం. చెట్టు వద్దు, గొడుగు వద్దు, గోడలు లేని రేకుల షెడ్డు వద్దు. క్లబ్బు భవనమో అద్దాలు మూసిన కారో మంచిది. చివరి ఉరుము విన్నాక అరగంట గడిచేదాకా బయటికి రావద్దు. దామిని అనే యాప్ మన వాతావరణ శాస్త్రవేత్తలు తయారుచేసిందే, దగ్గరలో పిడుగులు పడుతుంటే చెబుతుంది. ఫోనులో పెట్టుకో. పెద్దవాళ్లకు చూపించు, మాటకన్నా తెర మీద ఎర్ర చుక్కలు బాగా పనిచేస్తాయి.

టకోమా నుంచి, పేరు వేయవద్దన్నారు: మా మామగారితో ఆదివారాలు ఆడుతున్నాను. వాన కాలం మొదలైనప్పటి నుంచి ఆయన ప్రతి బంతినీ బూటుతో కొంచెం పక్కకు జరిపి, "తడిగా ఉంది కదా అల్లుడూ" అంటున్నారు. బంతి చెట్టు వెనుక ఉన్నప్పుడు మరీ ఎక్కువ తడి ఉంటోంది. పందెం డాలరే. డబ్బు గురించి కాదు. ఏం చేయాలి?

మీ మామగారి మాటలో సగం న్యాయముంది. ఆ సగాన్ని పట్టుకోండి.

నేల బాగా తడిగా ఉన్న రోజుల్లో బంతిని ఎత్తి, తుడిచి, పక్కన పెట్టుకోనిచ్చే స్థానిక నియమం నిజంగానే ఉంది. ఇంగ్లండులో చలికాలం నియమాలు అంటారు. అమెరికాలో వృత్తి ఆటగాళ్లు ఆడే పీజీఏ టూర్ పోటీల్లో కూడా వాన పడిన వారాల్లో దీన్ని అమలు చేస్తారు. అయితే దానికి మూడు హద్దులున్నాయి. ఫెయిర్‌వే ఎత్తుకు కత్తిరించిన గడ్డిలోనే, రఫ్‌లో కాదు, చెట్ల వెనుక అసలే కాదు. ఎంత దూరమో ముందే చెప్పాలి: ఆరు అంగుళాలో, స్కోరు కార్డు పొడవో, ఒక క్లబ్బు పొడవో. హోల్‌కు దగ్గరగా పెట్టకూడదు. ఇంకా, బంతిని చేత్తో పెట్టాలి. బూటుకు ఈ నియమంలో పాత్ర లేదు.

మొదటి టీ దగ్గర, ఎవరూ ఒక్క బంతీ కొట్టకముందు, "మామయ్యా, ఈరోజు నేల తడిగా ఉంది, ఏ నియమంతో ఆడదామో మీరు చెప్పండి" అని ఆయన్నే అడగండి. స్కోరు కార్డు పొడవు అని ఆయన నోటితోనే రానివ్వండి. తను పెట్టిన నియమాన్ని తనే తప్పే మామగారు అరుదు. అప్పటికీ చెట్ల వెనుక తడి తగ్గకపోతే, స్ట్రోకులు లెక్కపెట్టడం మానేసి స్టేబుల్‌ఫోర్డ్ పాయింట్ల పద్ధతికి మారండి. 1932లో ఇంగ్లండులోని వాలసీ క్లబ్బులో డాక్టర్ ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ మొదలుపెట్టిన లెక్క ఇది. హ్యాండికాప్ (ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే దెబ్బల తగ్గింపు) తీసేశాక పార్‌కు (ఆ హోల్‌కు నిర్ణయించిన దెబ్బల సంఖ్యకు) రెండు పాయింట్లు, ఒకటి తక్కువైతే మూడు, ఒకటి ఎక్కువైతే ఒకటి, అంతకన్నా చెడితే సున్నా. చెట్టు వెనుక చిక్కుకున్న హోల్ సున్నా అయిపోయి, బంతి జేబులో వేసుకుని ముందుకు పోవచ్చు. తొమ్మిదో, పదో రాసుకోవాలన్న భయమే మనిషి బూటును కదిలిస్తుంది.

నాకొక అనుమానం. ఆయన ఆరోగ్యం, కంటిచూపు బాగున్నాయా? చలిలో చేతులు బిగుసుకుపోయి, వంగి చూసుకోలేక కూడా పెద్దవాళ్లు ఇలా చేస్తారు. అదే అయితే డాలరు ఇచ్చేసి ఊరుకోండి.

లిన్‌వుడ్ నుంచి: తడి ఆకుల కింద బంతి మాయమైతే ఎంతసేపు వెతకాలి? డబ్బు కట్టాక వాన పెరిగి సగంలో ఆపేస్తే డబ్బు వెనక్కి ఇస్తారా?

వెతకడానికి మూడు నిమిషాలు. 2019కి ముందు అయిదు ఉండేవి. పసుపు బంతి వద్దు, రాలిన మేపుల్ ఆకుల్లో తెల్లదానికన్నా అదే ముందు మాయమవుతుంది; గులాబీ రంగు వాడండి. పోటీ కాని ఆటలో, బంతి ఆ ఆకుల్లోనే పడిందని నలుగురూ చూసి ఉంటే పెనాల్టీ లేకుండా ఇంకొకటి వేసుకోనివ్వాలని మా జట్టు ఒప్పందం. నియమాల పుస్తకం దీనికి తలూపకపోవచ్చు, మా తపాలా మిత్రుడు మాత్రం తీర్పు ఇచ్చేశాడు.

డబ్బు సంగతి కోర్సును బట్టి మారుతుంది. మీరే ఆపేస్తే ఒక రకం, వాళ్లు మూసేస్తే ఒక రకం. కొన్నిచోట్ల మిగిలిన హోల్స్‌కు చీటీ ఇస్తారు, ఇంకో రోజు వాడుకోవచ్చు. కార్డు గీకే ముందే అడగండి. చీటీ ఇస్తే ప్యాంటు జేబులో పెట్టకండి, తడిసిపోతుంది.